గెటిస్‌బర్గ్‌లో 1వ మిన్నెసోటా రెజిమెంట్‌లో నిజంగా 47 మందే మిగిలారా?

అమెరికా అంతర్యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది) పక్షాన పోరాడిన 1వ మిన్నెసోటా పదాతిదళ రెజిమెంట్ గెటిస్‌బర్గ్‌లో 262 మందితో దాడికి దిగితే 47 మందే బతికారంటారు, అది నిజమేనా, ఆ ఒక్క సాయంత్రం తప్ప ఆ దళానికి చెప్పుకోదగ్గ చరిత్ర ఏమైనా ఉందా అని మీరు అడిగారు. నేను పదేళ్లకు పైగా మినియాపొలిస్ దగ్గర ఉంటున్నాను. చాలాకాలం ఈ లెక్కను నేనూ తప్పుగానే చెబుతూ వచ్చాను. ఆ తప్పును పట్టుకున్నది మా నాన్నగారు.

ఆయన భారత సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యారు. మా ఇంటికి వచ్చిన వేసవిలో ఆయనను గెటిస్‌బర్గ్ తీసుకువెళ్లాను. హాన్‌కాక్ అవెన్యూ పక్కన ఎత్తైన రాతి దిమ్మె మీద, బాయ్‌నెట్ బిగించిన తుపాకీతో ముందుకు పరుగెత్తుతున్న సైనికుడి కంచు విగ్రహం ఉంటుంది. అదే ఈ రెజిమెంట్ స్మారకం. "ఇక్కడ 215 మంది చనిపోయారు నాన్నా" అని చెప్పాను. ఆయన విగ్రహం వంక చూడనైనా లేదు. "రెజిమెంట్ అంటే 262 మందే ఎలా అవుతారురా? మిగతా కంపెనీలు ఏమయ్యాయి?" అన్నారు.

జవాబు దిమ్మె మీదే చెక్కి ఉంది, నేనే సరిగ్గా చదవలేదు. దాడి చేసింది రెజిమెంట్ మొత్తం కాదు, ఎనిమిది కంపెనీలు. మిగిలిన మూడింటిలో ఒకటి డివిజన్‌కు కాపలా పోలీసు పనిలోనూ, ఒకటి వేరేచోట ముందు వరుస గస్తీలోనూ, గురికాండ్ర కంపెనీ ఒక ఫిరంగి దళానికి అండగానూ ఉన్నాయి. 215 అనేది చనిపోయినవారినీ గాయపడినవారినీ కలిపి చెప్పిన సంఖ్య. 47 అంటే బతికినవారు కాదు, దాడి ముగిశాక ఇంకా వరుసలో నిలబడగలిగినవారు. ఆ నష్టం 83 శాతం పైమాటేనని శాసనం అంటుంది గానీ, నాన్నగారు ఫోన్‌లో లెక్క కట్టి 82 అని తేల్చారు. చెక్కించినవారిది కాస్త పెద్ద చెయ్యి అనుకోవాలి.

దాడి జరిగిన రోజుకూ, మరునాటి పోరుకూ కలిపి సైన్యం అధికారికంగా నమోదు చేసిన నష్టం 224 మంది. అందులో మరణించినవారు 50 మంది, గాయపడినవారు 173 మంది, ఆచూకీ తెలియనివారు ఒక్కరు. గాయపడినవారిలో కొందరు తరువాత ఆసుపత్రుల్లో చనిపోయారు. ఆ రెండు రోజుల్లో పోరులో ఉన్న సుమారు 330 మందితో పోల్చితే ఇది 68 శాతం అవుతుంది. శాసనం ప్రకారం మరునాటి 17 మందిని కలిపితే 232 రావాలి, అధికారిక లెక్కతో అది పొసగదు. అందుకే ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు 68 శాతమే చెబుతున్నాను. అయినా అది తక్కువ నష్టమేమీ కాదు.

ఆ దాడి ఎందుకు జరిగిందో తెలియాలంటే 1863 జూలై 2 సాయంత్రం అక్కడి పరిస్థితి తెలియాలి. యూనియన్ జనరల్ సికిల్స్ నడిపిన మూడవ కోర్ (కొన్ని డివిజన్ల పెద్ద సేన) తన స్థానాన్ని వదిలి మరీ ముందుకు వెళ్లి, దెబ్బతిని, చెల్లాచెదురుగా వెనక్కి వస్తోంది. దాని వెన్నంటి విల్‌కాక్స్ నాయకత్వంలో శత్రుపక్షమైన దక్షిణాది సైన్యపు అలబామా బ్రిగేడ్ వస్తోంది. కొత్త బలగాలు చేరేలోపు ఆ కొద్ది నిమిషాలు శత్రువును ఆపడానికి రెండవ కోర్ అధిపతి హాన్‌కాక్‌కు కనుచూపు మేరలో దొరికినది ఈ ఎనిమిది కంపెనీలే. ఎదురుగా కనిపిస్తున్న జెండాను పట్టుకోమని ఆయన రెజిమెంట్ అధిపతి కల్నల్ విలియమ్ కాల్విల్‌ను ఆదేశించాడు. మేమిద్దరం ఆ వాలు వెంట కిందికి నడిచాం. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు కూడా చేతికర్ర ఊతం లేకుండా దిగగలిగినంత మెల్లని వాలు అది, దాగడానికి చాటన్నదే కనిపించలేదు. అడుగున ఉన్న ప్లమ్ రన్ మన పొలాల మధ్య పిల్లకాలువ పాటిది. దాని ఒడ్డునే వారు శత్రువు ముందు వరుసను బాయ్‌నెట్లతో చెదరగొట్టారు. అక్కడి నుంచి నాన్నగారు వెనక్కి తిరిగి గట్టు వైపు చాలాసేపు చూశారు.

ఇక మీ రెండవ ప్రశ్న. 1861 ఏప్రిల్‌లో, యుద్ధానికి నాంది అయిన సమ్టర్ కోట పతనం వేళకు మిన్నెసోటా గవర్నర్ అలెగ్జాండర్ రామ్సీ వాషింగ్టన్‌లోనే ఉండి, యుద్ధ మంత్రిని కలిసి 1,000 మందిని ఇస్తానన్నాడు. అలా యూనియన్‌కు దళాలను ఇస్తామని అందరికంటే ముందు ముందుకొచ్చిన రాష్ట్రం ఇదే. ఏప్రిల్ 29న ఫోర్ట్ స్నెలింగ్‌లో రెజిమెంట్ ఏర్పడింది. ఆ కోట ఇప్పుడు మా విమానాశ్రయం పక్కనే ఉంది. మొదటి బుల్ రన్ యుద్ధంలో, అంటే జూలై 21న, హెన్రీ కొండ మీద ఫిరంగులకు అండగా నిలిచి సుమారు 180 మందిని పోగొట్టుకుంది. ఆ రోజు ఓడిన యూనియన్ సైన్యంలో అత్యధికంగా నష్టపోయిన దళాలలో ఇదొకటి. 1862లో దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ వైపు సాగిన దండయాత్రలో ఫెయిర్ ఓక్స్, సావేజ్ స్టేషన్, గ్లెన్‌డేల్, మాల్వర్న్ హిల్ పోరాటాలన్నీ చూసింది. సెప్టెంబర్ 17న యాంటీటమ్‌లో, పడమటి అడవిలో సెడ్జ్‌విక్ డివిజన్ అరగంట లోపే 2,000 మందికి పైగా కోల్పోయినప్పుడు ఆ డివిజన్‌లో ఇదీ ఉంది. ఫ్రెడెరిక్స్‌బర్గ్‌లో మాత్రం దీనికి పెద్దగా దెబ్బ తగలలేదు.

అంటే గెటిస్‌బర్గ్ చేరిన మూడు వందల చిల్లర మంది రెండేళ్ల యుద్ధం వడబోయగా మిగిలినవారు. "మిగతావాళ్లు ఏమయ్యారు" అన్న నాన్నగారి ప్రశ్నకు అసలు జవాబు ఆ మూడు కంపెనీలలో కంటే ఈ రెండేళ్లలోనే ఎక్కువగా ఉంది. గెటిస్‌బర్గ్‌కు మూడు రోజుల ముందు, ముప్పై మైళ్లకు పైబడిన నడకలో, ఒక వాగును నీళ్లలో దిగి దాటకుండా దుంగల మీద నడిచి దాటనిచ్చినందుకు కాల్విల్‌ను అరెస్టు చేశారు. దాడి రోజునే ఆయనను విడిచి దళాన్ని మళ్లీ చేతికిచ్చారు, ఆ సాయంత్రమే తీవ్రంగా గాయపడ్డాడు. తడిసిన బూట్లతో నడవడమంటే ఏమిటో తెలిసిన నాన్నగారికి ఈ కథలో అన్నిటికంటే నచ్చినది ఇదే.

మరునాడు దక్షిణాది జనరల్ పికెట్ పేరుతో పిలిచే పెద్ద దాడిని తిప్పికొట్టడంలో మిగిలినవారూ పాల్గొన్నారు. దళాన్ని నడిపిన కెప్టెన్ నేథన్ మెసిక్ అక్కడే చనిపోయాడు. మార్షల్ షెర్మన్ అనే సైనికుడు 28వ వర్జీనియా రెజిమెంట్ జెండాను పట్టుకుని, అమెరికా అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ పొందాడు. ఆ ఆగస్టులో, సైనిక భర్తీకి వ్యతిరేకంగా అల్లర్లు జరిగిన న్యూయార్క్‌కు రెజిమెంట్‌ను కాపలాకు పంపారు, అక్టోబర్‌లో బ్రిస్టో స్టేషన్ దగ్గర మళ్లీ పోరాడింది. మూడేళ్ల గడువు తీరి 1864 వసంతంలో, పుట్టిన చోటైన ఫోర్ట్ స్నెలింగ్‌లోనే రద్దయింది. ఇంకా యుద్ధం చేస్తామన్నవారు 1వ మిన్నెసోటా బెటాలియన్‌గా ఏర్పడి పీటర్స్‌బర్గ్ ముట్టడిలో పనిచేశారు.

షెర్మన్ పట్టుకున్న జెండా ఈనాటికీ మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ దగ్గరే ఉంది. తిరిగి ఇమ్మని వర్జీనియా నుంచి పలుమార్లు అడిగారు, మిన్నెసోటా ఇవ్వలేదు. నాన్నగారిని అడిగితే ఆయన కూడా ఇవ్వకూడదనే అన్నారు.