టెక్ సందేహాలు: సినిమా పేరు ఒకటే, పాటలు వేరు

ప్రశ్న: మాది గాజువాక. పాత ‘ఖుషి’, కొత్త ‘ఖుషి’ పాటలు పెన్‌డ్రైవ్‌లో వేర్వేరు ఫోల్డర్లలో పెట్టుకున్నాను. కారులో పెడితే మాత్రం పవన్ కల్యాణ్ పాట ఒకటి, విజయ్ దేవరకొండ పాట ఒకటి కలగాపులగంగా వస్తున్నాయి. అన్నిటికీ కొత్త సినిమా పోస్టరే కనిపిస్తోంది. భీమిలి వెళ్లేదాకా ఇదే గోల. ఏం చేయాలి?

జవాబు: మీ ఫోల్డర్లను స్టీరియో పట్టించుకోవడం లేదు. ప్రతి ఎంపీ3 ఫైల్ లోపల ట్యాగ్ ఉంటుంది. పాట పేరు, ఆల్బమ్, గాయకులు, సంవత్సరం, ట్రాక్ నంబర్, పోస్టర్ బొమ్మ అన్నీ అందులోనే. చాలా స్టీరియోలు ఆల్బమ్ పేరు చూసి పాటలను ఒకచోట చేరుస్తాయి. 2001లో మణిశర్మ, 2023లో హేషమ్ అబ్దుల్ వహాబ్ సంగీతం ఇచ్చినవి వేరువేరని దానికెలా తెలుస్తుంది? ఒకటో నంబర్లు రెండూ పక్కపక్కన, ఆ తర్వాత రెండో నంబర్లు... అలా వాయించుకుంటూ పోతుంది.

ముందు స్టీరియో మెనూలో ఫోల్డర్ల వారీగా ప్లే చేసే ఆప్షన్ ఉందేమో చూడండి. ఉంటే పని అక్కడితో సరి. లేకపోతే కంప్యూటర్లో ‘ఎంపీ3ట్యాగ్’ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. విండోస్‌కి ఉచితమే. పాత ఖుషి పాటలన్నీ ఒకేసారి సెలెక్ట్ చేస్తే ఎడమ పక్కన గడులు కనిపిస్తాయి. ఆల్బమ్ గడిలో ‘ఖుషి 2001’ అనీ, ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో మణిశర్మ అనీ కొట్టి సేవ్ చేయండి. మిగతా గడుల్లో ‘కీప్’ అని ఉంటే వాటి జోలికి వెళ్లకండి. పాట పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కొత్త ఖుషికీ ఇంతే.

ఆల్బమ్ ఆర్టిస్ట్ గడి ఖాళీగా వదిలేస్తే ఇంకో తంటా ఉంది. మన సినిమాల్లో పాటకో గాయకుడు కదా, కొన్ని ప్లేయర్లు ఒక్క సినిమానే నాలుగైదు ఆల్బమ్‌లుగా ముక్కలు చేస్తాయి. గాయకుల గడి ఎలా ఉన్నా, ఇక్కడ సంగీత దర్శకుడి పేరు పెట్టడమే మేలు. స్టీరియోలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోక తప్పదు.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఉంటాం. నాన్నగారు స్మార్ట్ స్పీకర్‌ని ‘దేవదాసు పాటలు’ అడిగితే రామ్ సినిమా పాటలు పెడుతోంది. ఆయనకు ఒళ్లు మండిపోతోంది.

జవాబు: మండదా మరి! ఆ పేరుతో తెలుగులోనే 1953, 1974, 2006ల్లో సినిమాలొచ్చాయి. ఉత్త పేరు చెబితే స్పీకర్ తనకు తోచింది పెడుతుంది. నాన్నగారిని సినిమా పేరు బదులు పల్లవి చెప్పమనండి: ‘జగమే మాయ, ఘంటసాల’. గాయకుడి పేరు తోడైతే చాలావరకు సరైన పాటే దొరుకుతుంది. ఇంకా తేలిక మార్గం, ఆయనకిష్టమైన పాటలతో మీరే ఒక ప్లేలిస్ట్ చేసి దానికి ‘నాన్న పాటలు’ అని పేరు పెట్టడం. ఆ పేరు స్పీకర్‌కి అర్థమవుతోందో లేదో ముందు మీరు చెప్పి చూడండి.

ప్రశ్న: మధురవాడలో మా ఫ్రెండ్స్ కలిసి ఒక పాట చేశాం. అదే పేరుతో ఇప్పటికే ఓ సినిమా పాట ఉంది. అప్‌లోడ్ చేస్తే కాపీరైట్ పడుతుందా అని టెన్షన్.

జవాబు: మామూలుగా పేరొక్కదానికే కాపీరైట్ ఉండదు. ‘దేశీ బాయ్స్’ సినిమా కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. ట్యూన్, సాహిత్యం మాత్రం మీవే అయి ఉండాలి. యాప్‌లలో పాటను గుర్తుపట్టడానికి 12 అక్షరాలూ అంకెలూ కలిసిన ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉంటుంది. ప్రతి రికార్డింగ్‌కీ వేరే కోడ్. పాటను యాప్‌లకు పంపే డిస్ట్రిబ్యూటర్లు సాధారణంగా వాళ్లే ఇస్తారు. నన్నడిగితే పాట పేరు కంటే మీ బ్యాండ్ పేరు చూసుకోండి. అదే పేరుతో ఇంకొకరుంటే మీ పాట వెళ్లి వాళ్ల పేజీలో చేరే ప్రమాదం ఉంది. విడుదలకు ముందే రెండు మూడు యాప్‌లలో ఆ పేరు వెతికి, ఎవరూ లేరనుకున్నాకే ఖాయం చేసుకోండి.