సర్పంచ్ అయిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, అత్త ఆశీస్సులు.

నువ్వు గెలిచావని చెప్పేటప్పుడు మీ నాన్నకి మాట పెగల్లేదు. మొన్న ఫోన్లో "అత్తా, ఊళ్లో పిల్లగుంటలకి ఏదైనా చెయ్యాలనుంది, ఎక్కడ మొదలెట్టాలి" అన్నావు. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా మన శ్రీకాకుళం ఉద్దానం ఊళ్లన్నీ తిరిగినదాన్ని కదా, ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చడం ఇష్టంలేక రాస్తున్నాను.

నీ దగ్గరికి రోడ్డు కావాలని వస్తారు, కాలువ కావాలని వస్తారు, శ్మశానానికి ప్రహరీ కావాలని వస్తారు. రెండేళ్ల గుంట ఏదీ అడగదు. వాళ్లమ్మకీ తీరిక లేదు, తెల్లారకముందే పలాస జీడి బట్టీకి పోతుంది. కాబట్టి పిల్లల పద్దు నువ్వే ఎత్తాలి, గ్రామసభలో తీర్మానం చేయించాలి, పంచాయతీ ప్రణాళికలో ఎక్కించాలి. కాగితం మీదకి రాని పనికి పైసా రాదు. "అంగన్‌వాడీ మనది కాదు, ఐసీడీఎస్ వాళ్లది" అని ఎవరైనా అంటే, రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు రాసిన 29 అంశాల్లో స్త్రీ శిశు అభివృద్ధి 25వది అని చెప్పు.

ముందు నీళ్లు, మరుగుదొడ్డి చూడు. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే పెట్టాలని కట్టడి చేసింది. అంగన్‌వాడీకి కుళాయి, చిన్నపిల్లలు కూర్చోగల మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు అడగాల్సింది అలాంటి పద్దులోనే. గోడల మీద బొమ్మలు వేయించి ఫొటోలు దిగిన ఊళ్లు చాలా చూశాను. అక్కడే ఆయా బిందెతో వీధి చివరి నుంచి నీళ్లు మోసేది. తిన్నది విరేచనాల్లో పోతుంటే గుడ్డు పెట్టి ఏం లాభం?

ఇక అసలు సంగతి, తూకం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 31.4 శాతం. 2019-21లో 31.2. ఇంత ఖర్చు పెట్టాక కూడా దాదాపు అక్కడే ఉన్నాం. పిల్ల గర్భంలో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా పోయిన ఎదుగుదల బడికొచ్చాక సరిగా తిరిగి రాదు. అందుకే బరువులు తీసే రోజు నువ్వు వెళ్లి కూర్చో. త్రాసు ముల్లు సున్నా దగ్గర ఉందా? కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూడు, కిలో చూపించాలి. పిల్ల ఒంటి మీద స్వెట్టరు, కాళ్లకి కడియాలు, పట్టీలు తీశారా? రెండేళ్లలోపు పిల్లని పడుకోబెట్టి పొడవు తియ్యాలి. దానికి ఇద్దరు కావాలి, ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్లు నొక్కిపెట్టాలి. టీచరమ్మ ఒక్కతే తీస్తోందంటే ఆ అంకె నమ్మకు. ఆర్నెల్లు దాటిన పిల్లలకి జబ్బకొలత టేపు కూడా చుట్టించు. 12.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే పసుపు, అంటే పోషణ చాలడం లేదని; 11.5 కన్నా తక్కువైతే ఎరుపు, అంటే లోపం తీవ్రంగా ఉందని.

ఎరుపు వచ్చిన పిల్లని ఆస్పత్రిలో చూపించాలి, అవసరమైతే పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చాలి. తల్లి కూడా దాదాపు రెండు వారాలు అక్కడే ఉండాలి. చాలామంది తల్లులు ఇక్కడే ఆగిపోతారు. కూలి పోతుంది, ఇంటి దగ్గర పెద్ద పిల్లల్ని చూసేవాళ్లు ఉండరు. ఆ ఇంటి పిల్లల్ని ఎవరు చూస్తారో, రానుపోను ఛార్జీలు ఎవరిస్తారో నువ్వు కూర్చుని తేల్చు. సర్పంచ్ చెప్తే పొరుగింటివాళ్లు కాదనరు.

తిండి విషయంలో చట్టం ఏమంటుందో తెలుసుకో. 2013 ఆహార భద్రత చట్టం ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల పిల్లకి రోజుకి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని మొదట రాసింది, 2023లో ఆ కొలతలు సవరించారు. ఆ తిండికి 2017లో కేంద్రం కట్టిన ధర రోజుకి 8 రూపాయలు, అందులోనూ సగం రాష్ట్ర వాటా. అంత తక్కువ లెక్కలో పాలు, గుడ్డు రావు కాబట్టే రాష్ట్రం తన డబ్బు కలుపుకుంటోంది. ఆ గుడ్డు చిన్నదొచ్చినా, చిన్నపిల్లలకి ఇంటికిచ్చే బాలామృతం పిండి ఆలస్యమైనా అదే రోజు సీడీపీవోకి, అంటే మీ ప్రాంతం అంగన్‌వాడీల పై అధికారికి, రాతపూర్వకంగా తెలియజెయ్యి. ఇంటికిచ్చిన బాలామృతం ఇంటిల్లిపాదీ పంచుకుంటారు, అందుకు తల్లిని తిట్టకు. మన చోడి (రాగి) అంబలి, మునగాకు పప్పు కూడా పిల్లకి పెట్టమని నచ్చచెప్పు.

టీచరమ్మని, ఆయాని నిలదీసే ముందు వాళ్లకి ఏం ఇస్తున్నామో ఆలోచించు. 2019లో టీచరు గౌరవ వేతనం 11,500 రూపాయలు చేశారు. అది పెంచమనే 2023 డిసెంబరులో సమ్మెకు దిగి 42 రోజులు కూర్చున్నారు. పిల్లల మీద పెట్టుబడి అంటే వీళ్ల జీతం కూడా. నువ్వు జీతం పెంచలేవు గానీ, పంచాయతీ పనులన్నీ వాళ్ల నెత్తిన వెయ్యకుండా ఆపగలవు.

మీ ఊరికి దూరంగా ఉన్న ఆ మత్స్యకారుల పేటలో సెంటరుందా? మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి పోతే ఆడవాళ్లు ఒక్కరే పిల్లల్ని చూసుకుంటారు, అంత దూరం తీసుకురాలేరు. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే అడిగిన మూడు నెలల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరులో చెప్పింది. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయించి అర్జీ పెట్టు. పనుల కోసం హైదరాబాద్, చెన్నై పోయే కుటుంబాల పేర్లు విడిగా రాసుకో. వెళ్లేముందు టీచరమ్మతో అంగన్‌వాడీ పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస నమోదు చేయిస్తే పిల్లకి అక్కడి సెంటరులో అడిగే వీలుంటుంది.

గ్రామసభ తేదీ ఖరారవగానే ఫోన్ చెయ్యి. తీర్మానం రాసేటప్పుడు నేను పక్కన కూర్చుంటాను. పేటలో పిల్లల లెక్క మాత్రం ఆలోపు తెప్పించి ఉంచు.

మీ అత్త