కంప్యూటర్స్ చదివి ఫిలాసఫీకా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం. ఎంఏ ఫిలాసఫీలో చేరతానంటోంది. ఏఐ మన బుర్రల్లోకి పాశ్చాత్యుల ఆలోచననే ఎక్కిస్తోందట, దాన్ని నిలదీసే చదువు కావాలట. అది అన్నం పెడుతుందా? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. ఒట్టి ఫిలాసఫీ పట్టా పట్టుకుంటే నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాసి, పీహెచ్‌డీ చేసి లెక్చరర్ కావడమే మామూలు దారి. దానికి ఏళ్లు పడుతుంది. అయితే మీ అమ్మాయి చేతిలో కంప్యూటర్స్ ఉంది. దాన్ని వదిలేయనంత వరకు నాకు పెద్ద భయం లేదు.

ఆమె అడుగుతున్నది మంచి ప్రశ్నే. 17వ శతాబ్దంలో జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్ ఒక కల కన్నాడు: ఆలోచనలన్నిటినీ గుర్తుల్లోకి మార్చేస్తే పండితులు వాదులాడుకోనక్కర్లేదు, కూర్చుని లెక్క వేసుకుంటే సరి. కంప్యూటర్ వెనక ఉన్న కలల్లో అదొకటి. ఇంచుమించు అదే శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు, పిల్లలకు సులువుగా తెలియాలని తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర పుస్తకం రాశాడు. అందులో 'అనుమానం' అంటే సందేహం కాదు, తెలిసినదాన్నిబట్టి తెలియనిది తేల్చుకోవడం. ఎదుటివాళ్లను ఒప్పించాలంటే, కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది అంటే చాలదు, వంటింట్లోలాగా అని ఉదాహరణ చూపాలి. (తర్కంలోకి వంటిల్లు రావడం నాకు భలే ఇష్టం.) లైబ్నిట్జ్‌ది ఫిలాసఫీ, అన్నంభట్టుది సంప్రదాయం అని వేరే అరల్లో పెట్టేశామే, వలస పాలన నేర్పిన ఆలోచన అంటే అదీ.

ఒక హెచ్చరిక. 'కంప్యూటర్‌కి సంస్కృతమే బెస్టని నాసా తేల్చింది' అనే ఫార్వర్డులు నమ్మొద్దనండి. 1985లో నాసా కేంద్రంలో పనిచేసే రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు ఒక పత్రికలో వ్యాసం రాశాడు, అంతే. నాసా సర్టిఫికెట్ కోసం మురిసిపోవడం కూడా ఒక బానిసత్వమే. 'ఆలోచనల్లో స్వరాజ్యం' గురించి మాట్లాడిన తత్వవేత్త కృష్ణచంద్ర భట్టాచార్య పడమటి ఆలోచనను తోసెయ్యమనలేదు, మనదానితో తూచి చూడకుండా మింగొద్దన్నాడు.

చదువుకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మంచి చోటు. ఎంఏ ఫిలాసఫీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడి సంస్కృత విభాగంలో కంప్యూటర్‌తో భాషను విశ్లేషించే పని జరుగుతోంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పాణిని వ్యాకరణ పద్ధతిని మన భాషల వాక్యాలకు వాడే పరిశోధన ఎప్పటినుంచో ఉంది. ఎంఏ చేస్తూనే పైథాన్ ప్రోగ్రామింగ్ వదలకుండా ఇలాంటి చోట్ల ఇంటర్న్‌షిప్ వెతుక్కోవాలి. భాషా సాంకేతికతలో ఉద్యోగాలకు పట్టా కన్నా చేసిన పనే ఎక్కువ అక్కరకొస్తుంది.

చేరేముందు ఒక పని చేయమనండి. ఒకే పేరాను ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి, ఏఐ మోడళ్లు దాన్ని చదవడానికి ఎన్ని ముక్కలు (టోకెన్లు) చేస్తున్నాయో లెక్కపెట్టాలి. సాధారణంగా తెలుగు ఎక్కువ ముక్కలవుతుంది, ఖర్చూ ఆ మేరకు పెరుగుతుంది. ఎందుకలా అవుతోందో, అది ఎవరి నిర్ణయమో పది పేజీలు తెలుగులో రాయాలి. విసుక్కోకుండా పూర్తి చేస్తే పంపించండి. సగంలో వదిలేస్తే ముందు ఉద్యోగంలో చేరనివ్వండి. సీయూఈటీ పీజీకి వయసు పరిమితి లేదు.