ఇథియోపియా వెళ్తున్న మా అమ్మలుకు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ఫిస్టులా వార్డులో ఫిజియోథెరపిస్టుగా తీసుకున్నారనీ, మొదట అడ్డిస్ అబాబాలో ఉంచుకుని తర్వాత వేరే ఊరికి పంపుతారనీ రాశావు. నీకంటే ముందే మీ అమ్మ ఫోన్ చేసింది. ఒకటే టెన్షన్. పెళ్లి కావాల్సిన పిల్ల అంత దూరం వెళ్లి ఏం చేస్తుందక్కా అని. నన్ను పంపేటప్పుడు మా అమ్మ కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే అంది. దానికి నేను నచ్చజెబుతాలే. "అక్కడ ముఖ్యంగా ఏం చూసుకోవాలి పెద్దమ్మా" అని అడిగావు చూడు, దానికి ఫోన్లో జవాబు చెప్పడం నా వల్ల కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

ఒక్క మాట ముందే చెబుతాను. ఫిస్టులా అంటే కాన్పు కష్టమై లోపల పడే కన్నమే కదా, ఆ కన్నం పూడటం వేరు, మనిషి కోలుకోవడం వేరు. మొదటిది సర్జన్ల పని. చెయ్యి తిరిగిన సర్జన్ అయితే మామూలు ఫిస్టులాల్లో పదింట తొమ్మిది దాకా పూడ్చేస్తారు. ఆ లెక్క చూసి దాతలు సంతోషిస్తారు, సంతోషించాలి కూడా. నిన్ను పిలుస్తున్నది మాత్రం ఆ లెక్కలోకి రాని పనికి.

కాన్పు రెండు మూడు రోజులు సాగి, బిడ్డ తల కటి ఎముకల్లో ఇరుక్కుపోతే, మధ్యలో ఉన్న మూత్రసంచి గోడ, యోని గోడ రోటికీ రోకలికీ మధ్య పడ్డట్టు నలిగిపోతాయి. రక్తం అందక అక్కడి కండ చచ్చిపోతుంది. బిడ్డ చాలావరకు దక్కదు. కొద్ది రోజులకు ఆ చచ్చిన కండ ఊడి కన్నం పడుతుంది, అప్పట్నుంచి మూత్రం కారుతూనే ఉంటుంది. కొందరికి మలం కూడా. ఇదంతా నువ్వు చదివిందే. పుస్తకంలో రెండు లైన్లలో వదిలేసేది ఇంకొకటి ఉంది. అదే ఒత్తిడి కాలికి వెళ్లే నరాల మీదా పడుతుంది. పాదం పైకి లేవదు, నడిస్తే వేళ్లు నేలకు రాసుకుంటాయి. దానికి తోడు, కదలకుండా ముడుచుకుని పడుకుంటే కారడం ఆగుతుందేమోనన్న ఆశతో నెలల తరబడి అలాగే పడుకుంటారు. తుంటి, మోకాళ్లు బిగుసుకుపోతాయి.

నేను పనిచేసిన చోటికి ఒక పిల్లను వాళ్ల నాన్న వీపున మోసుకొచ్చాడు. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. మోకాళ్లు గుండెలకు ఆనుకుని ఉన్నాయి, కాస్త చాచబోతే కేక పెట్టేది. తొడల లోపల చర్మం మూత్రానికి ఒరిసిపోయి పుండ్లు. కొత్త నర్సులందరూ ఆపరేషన్ ఎప్పుడు, ఎప్పుడు అని అడుగుతున్నారు. కాళ్లు విడదీయలేని మనిషికి ఆపరేషన్ ఎలా చేస్తారు? అక్కడ ఫిజియోథెరపీలో సాయం చేసే ఆవిడ ఒకామె ఉండేది. తనూ ఒకప్పుడు అదే వార్డులో పడుకున్న మనిషే. మొదటి రోజు ఆ పిల్ల ఒళ్లు కడిగి, చర్మానికి వాజ్‌లిన్ రాసి ఊరుకుంది. మర్నాడు ఒక గాబీ తెచ్చింది. గాబీ అంటే వాళ్లు కప్పుకునే మందపాటి నూలు దుప్పటి. దాన్ని పెద్ద చుట్టగా చుట్టి మోకాళ్ల కింద పెట్టి, ఆ చుట్ట మీద కాళ్లను వదిలేయమంది. రోజూ దాన్లోంచి ఒక మడత విప్పేది. సాగదీయడాలు, వ్యాయామాలు అన్నీ చేయించేది అనుకో, కానీ ఆ పిల్ల లెక్కపెట్టుకున్నది మడతల్నే. పొద్దున్నే తనే అడిగేది, ఇవాళ విప్పవా అని. తర్వాత కమ్మీలు పట్టుకుని నిలబడింది, ఆ తర్వాతే ఆపరేషన్ గదికి వెళ్లింది. అంతసేపు ఎందుకు, రెండు వారాల్లో ప్రోగ్రాం పూర్తి చేయొచ్చు కదా అని నీలో చదువుకున్న బుర్ర తొందరపెడుతుంది. పెట్టనీ. ఆ పిల్ల శరీరాన్ని ఏడాదిగా ఎవరూ అడిగి ముట్టుకోలేదు. నువ్వు అడిగే ముట్టుకో. పాదానికి రాత్రిళ్లు కట్టు, పగలు పిక్క సాగదీయడం, వేళ్లు తగలకుండా ఎత్తైన బూటు, ఇవి మానకుండా చూస్తే చాలామందికి నెలల మీద నరం కొంతైనా తేరుకుంటుంది. పూర్తిగా బాగవుతుందని మాత్రం ముందే మాట ఇచ్చేయకు.

నీళ్ల సంగతి. నీ దగ్గరికొచ్చే ప్రతి మనిషీ కారుతుందన్న భయంతో నీళ్లు తగ్గించేసి ఉంటుంది. తాగనికొద్దీ మూత్రం చిక్కబడి వాసన, మంట ఎక్కువవుతాయి, మూత్రసంచిలో రాళ్లు కూడా చేరతాయి. "నీళ్లు తాగమ్మా" అని చెప్పి వెళ్లిపోతే తాగరు. గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చో, నువ్వూ తాగు. ఆపరేషన్ తర్వాత వారం నుంచి రెండు వారాలు మూత్రం పోవడానికి ట్యూబు ఉంటుంది. ఆ రోజుల్లో రౌండ్స్‌లో అడగాల్సినవి మూడే: నీళ్లు తాగుతోందా, ట్యూబులోంచి చుక్క పడుతోందా, పక్క పొడిగా ఉందా. అర్ధరాత్రి ఒత్తిగిలినప్పుడు ట్యూబు తొడ కింద నలిగి ఆగిందంటే మూత్రసంచి ఉబ్బి కొత్త కుట్ల మీద పడుతుంది. అది నీ పని కాదు, నర్సు పని అనుకోకు. వ్యాయామం చేయించడానికి దుప్పటి తీసినప్పుడల్లా ట్యూబు పొడవునా ఒకసారి చెయ్యి పోనివ్వు.

ట్యూబు తీశాక అసలైన నీ పని మొదలవుతుంది. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న సంచి చిన్నబడిపోయి ఉంటుంది. మొదట్లో గంటకోసారి, రాత్రి కూడా లేపి, బాత్రూమ్‌కి పంపాలి, తర్వాత మెల్లమెల్లగా ఎడం పెంచాలి. కటి కండరాల వ్యాయామం నేర్పేటప్పుడు బొమ్మలు, పేర్లు పనికిరావు. గాలి బయటికి పోకుండా బిగబట్టమంటే అర్థమవుతుంది, అందరూ పకపకా నవ్వుతారు కూడా. మూత్రం సగంలో ఆపి చూడమని మాత్రం చెప్పకు.

ఇక్కడో చిక్కుంది. కన్నం పూడినా దగ్గితే, లేస్తే, బరువెత్తితే కారేవాళ్లు ఉంటారు. ఒకరిద్దరు కాదు, చాలామందే. సర్జన్ ఫైల్లో "పూడింది" అని రాసేస్తారు, అది నిజమే. ఆమె మాత్రం లోపల గుడ్డ మడిచి పెట్టుకుని "బాగానే ఉంది" అంటుంది. ఎందుకంటే ఇంటికి వెళ్లాలి, అందరికీ కొత్త బట్టలిచ్చి పంపే రోజున తనూ ఆ వరసలో ఉండాలి. ఆమెను తప్పు పట్టకు. "తగ్గిందా" అని అడిగితే తగ్గిందనే అంటారు. "బిందె ఎత్తినప్పుడు ఎన్ని గుడ్డలు మార్చావు" అని అడుగు. లెక్క చెబుతారు. అప్పుడు ఇంకొన్నాళ్లు ఉంచమని డాక్టర్‌తో నువ్వే గట్టిగా వాదించాలి.

ఎంత చేసినా బాగవ్వనివాళ్లూ ఉంటారు, మూత్రానికి పొట్ట మీద సంచి పెట్టించుకుని బతకాల్సినవాళ్లు. కేథరిన్ హామ్లిన్, రెజినాల్డ్ హామ్లిన్ అనే డాక్టర్ దంపతుల పేర్లు నీకు అక్కడ అడుగడుగునా వినిపిస్తాయి. 1959లో మూడేళ్ల ఒప్పందం మీద ఆస్ట్రేలియా నుంచి వచ్చి, 1974లో అడ్డిస్‌లో ఫిస్టులా ఆసుపత్రి పెట్టారు. కేథరిన్ 2020లో 96 ఏళ్ల వయసులో అక్కడే పోయారు. ఆ ఆసుపత్రీ దాని శాఖలూ కలిపి 60,000 మందికి పైగా ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా వైద్యం చేశాయి. నాకు అంతకంటే గొప్పగా అనిపించేవి వేరే రెండు. బాగవ్వని వాళ్లను ఇంటికి తోలేయకుండా, ఊరి బయట దెస్తా మెండర్ అని ఒక చోటు పెట్టి పని నేర్పించారు. రెండోది మమితు గాషే. 1962లో రోగిగా వచ్చింది, చదువు రాదు. పక్కలు సర్దుతూ, ఆపరేషన్లలో చేతికి అందిస్తూ తనే సర్జరీ నేర్చుకుంది. 1989లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ హామ్లిన్ దంపతులతో పాటు ఆమెకూ గోల్డ్ మెడల్ ఇచ్చింది. నీకు సాయంగా వచ్చే ఆడవాళ్లలో ఇలాంటి మాజీ రోగులు ఉంటారు. డిగ్రీ నీకుందని వాళ్లను పక్కకు జరగమనకు. మొదటి నెలంతా వాళ్లు చేసేది చూడు.

తిండి విషయంలో ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉంటారు, ఈస్టర్‌కు ముందు 55 రోజులు. మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. జబ్బుపడ్డ వాళ్లకు మినహాయింపు ఉంది, అయినా నువ్వు చెబితే వినరు, వాళ్ల పూజారి చేత చెప్పించు. అదీ కాకపోతే షీరో పెట్టించు, పప్పుల పొడితో చేసే పులుసు, ఇంజెరా అనే పుల్లటి అట్టుతో తింటారు. మన నోటికీ బాగుంటుంది.

ఇంటికి పంపేటప్పుడు చెప్పాల్సినవి తక్కువే, కానీ చెవిన పడేలా చెప్పాలి. మూడు నుంచి ఆరు నెలలు భర్తతో కలవకూడదు. మళ్లీ కడుపొస్తే నొప్పుల దాకా ఆగకుండా ముందే ఆసుపత్రికి వచ్చి ఉండాలి, సిజేరియనే. వాళ్ల కేలండర్ వేరు, 13 నెలలు, మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక. గడియారమూ వేరే, మన ఉదయం 7 వాళ్లకు 1. కాబట్టి కాగితం మీద నీ తేదీ రాసివ్వకు. "మెస్కెల్ అయ్యాక రా", "తిమ్కెత్‌కు ముందు రా" అని పండగతో ముడిపెట్టు. భర్త వెంట వస్తే ఈ మాటలు అతని ఎదుటే చెప్పు. వదిలేసి వెళ్లిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు, నిజమే. బస్సుల్లో పక్కన కూర్చుని, గుడ్డలు ఉతికి, పొలం అమ్మి తీసుకొచ్చినవాళ్లనూ నేను చూశాను. అందరినీ ఒకే గాటన కట్టకు.

ఇప్పుడు కాస్త చేదు మాట. నువ్వు వెళ్తున్నది పరిచర్య అనుకుని వెళ్తున్నావు, మంచిదే, నేనూ అలాగే వెళ్లాను. కానీ వెళ్లిన రెండో నెలకే మన సంఘం వాళ్ల దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది, ఫొటోలు పంపు, ఎవరిచేతైనా సాక్ష్యం చెప్పించి వీడియో పంపు, ఆదివారం ఆరాధనలో వేస్తాం, కానుకలు బాగా వస్తాయి అని. పంపకు. ఆ పిల్ల తన ఊళ్లోనే ముఖం దాచుకుని బతికింది. ఆ ముఖాన్ని గుంటూరులో తెర మీద ఎందుకు వేయాలి? అడిగితే ఒప్పుకుంటుంది, నిజమే. వైద్యం చేసిన చేతులు అడుగుతుంటే కాదనగలదా? ఆమె ముస్లిం అయినా, ఆర్థడాక్స్ అయినా ఆమె మంచం దగ్గర నీ ప్రార్థన నీ మనసులోనే ఉండనీ. ఆమె తనంతట తాను అడిగితే అప్పుడు చూద్దాం. కానుకలు కావాలంటే సరుకుల చిట్టా పంపు: ట్యూబులు, కట్లు, బూట్లు, బస్సు చార్జీలు. ఆ చిట్టా చూసి ఇవ్వని వాళ్లు ఫొటో చూసి ఇచ్చినా ఒక్కసారే ఇస్తారు. పాస్టరుగారికి కోపమొస్తే నా పేరు చెప్పు.

మన దగ్గర ఇవేమీ లేవని కూడా అనుకోకు. కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి కాబట్టి నొప్పులు రోజుల తరబడి సాగి ఫిస్టులా వచ్చేది తగ్గింది. కానీ గర్భసంచి తీయించుకోవడంలో మన ఆంధ్రే దేశం మొత్తంలో ముందుంది, ఆ ఆపరేషన్లలో మూత్రసంచికి దెబ్బ తగిలి కారేవాళ్లు ఉన్నారు. దగ్గితే కారుతుందని పెళ్లిళ్లకు రావడం మానేసిన ఆడవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు, ఎవరో నీకు తెలుసు. వెళ్లేలోపు వీలుంటే ఆమెకు ఆ వ్యాయామం నేర్పి వెళ్లు.

సామాన్లలో స్వెట్టరు పెట్టుకో. ఆఫ్రికా అని అందరూ ఎండనుకుంటారు, అడ్డిస్ ఎత్తు మీద ఉంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, చలి. నిన్ను ఏ ఊరికి వేశారో తేలగానే నాకు రాయి. బహిర్ దార్ అయితే అమ్హారిక్ సరిపోతుంది, మెకెలె అయితే తిగ్రిన్యా, మెటు అయితే ఒరోమో కావాలి. నేను అమ్హారిక్‌లో నొప్పి, తడి, బిగబట్టు, వదులు లాంటి మాటలు తెలుగు లిపిలో రాసుకున్న నోట్‌బుక్ బీరువాలో ఉంది. అదైతే ఈ వారమే కొరియర్ చేస్తాను, మిగతా భాషలకు వార్డులో ఆయాలనే పట్టుకోవాలి.

మీ పెద్దమ్మ