కారప్పూస తింటూ హారర్ సినిమా చూస్తోంది, మా ఆవిడకేమైనా పిచ్చా?

ప్రశ్న: మాది కాకినాడ. నాకు 43, మా ఆవిడకు 38. ఇద్దరు పిల్లలు. మూడేళ్ల కిందట మా అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అప్పటినుంచి మంచంలోనే. సమస్య మా ఆవిడ గురించి. రాత్రి పదకొండు దాటి అందరం పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో సైకో సినిమాలు చూస్తోంది. మామూలు దెయ్యం సినిమాలైతే నేనూ పట్టించుకోను. ఇవి నెత్తురు కారేవి. మొన్న ఒంటిగంటకు మంచినీళ్లకు లేచి చూద్దును కదా, ఏదో జపాన్ సినిమా. ఒక ఆడమనిషి, కదల్లేక పడి ఉన్న మగవాడికి సూదులు గుచ్చుతోంది. మా ఆవిడ కారప్పూస తింటూ చూస్తోంది. నాకు చెమటలు పట్టాయి. పేరడిగితే ‘ఆడిషన్’ అంది. ఇవెందుకు చూస్తావంటే ‘బాగుంటాయి’ అని మళ్లీ చెవుల్లో పెట్టుకుంది. ఇలాంటివి చూసే మనిషి దేవుడి దగ్గర దీపం పెట్టకూడదంటోంది అమ్మ. బెంగళూరులో ఉన్న మా అక్క సైకియాట్రిస్టుకు చూపించమంటోంది. ఇది మానసిక రోగమా? పిల్లలు చెడిపోతారా? ఓటీటీ తీసేయమంటారా?

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను, వాటిలో పెద్దగా చెప్పడానికేమీ లేదు. రోగం కాదు. పిల్లలు పడుకున్నాక, శబ్దం బయటికి రాకుండా చూస్తోందంటే వాళ్ల గురించిన జాగ్రత్త మీకంటే ముందే ఆవిడ తీసుకుంది. ఓటీటీ ఉండనివ్వండి.

ఇక అసలు సంగతి. మీరు నాలుగు పేజీలు రాశారు. పైన వేసింది అందులో కొంతే. మూడున్నర పేజీలు సినిమాలు, కారప్పూస, మీ చెమటలు. ఆఖరున, సంతకానికి కాస్త పైన ఈ మాట ఉంది: ‘అమ్మకు నడుం కింద, మడమకు పుళ్లు పడ్డాయి. కట్టు మార్చేది కూడా మా ఆవిడే. నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, ఆ టైంలో నేను ఆ గదిలోకి వెళ్లను.’

బాబూ, మీరు నాకు రాయాల్సిన ఉత్తరం అది. దాన్ని తాంబూలంలో సున్నంలా ఒక మూలకు రాసి పంపించారు.

ముందు ఆ సినిమా సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు దాని చివరి పావుగంట మాత్రమే చూశారు. అది 1999లో తకాషి మీకే అనే జపాన్ దర్శకుడు తీసింది. మొదట గంటసేపు నెత్తురు చుక్క ఉండదు. భార్య పోయిన ఒక మర్యాదస్తుడికి కొడుకు మళ్లీ పెళ్లి చేసుకోమంటాడు. సినిమాలు తీసే స్నేహితుడు ఒక ఉపాయం చెబుతాడు: లేని సినిమాకు హీరోయిన్ కావాలని ప్రకటన ఇచ్చి, వచ్చిన అమ్మాయిల్లోంచి ఒకరిని ఎంచుకొమ్మంటాడు. అంటే ఏమిటండీ? పెళ్లిచూపులే. తాము పెళ్లిచూపులకు వచ్చామని ఆ అమ్మాయిలకు తెలియదు, అంతే తేడా. అణకువగా తల వంచుకుని కూర్చున్న అమ్మాయి ఆయనకు నచ్చుతుంది. ఆమె ఎక్కడ ఉంటుందో, ఏం పడి వచ్చిందో సరిగా కనుక్కోడు. అణకువ చాలనుకుంటాడు. ఆ తర్వాత మీరు చూసిన సూదులు.

ఆడదాన్ని రాక్షసిగా చూపించాడని ఆ దర్శకుణ్ణి తిట్టేవాళ్లున్నారు. ఆడవాళ్ల పక్షాన తీసిన సినిమా అని మెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. పాతికేళ్లుగా ఆ గొడవ తెమలలేదు. నేను ఎటో చెప్పలేను, సూదుల దగ్గర ఆపేశాను. నా ధైర్యం అంతంతమాత్రం. 1992లో ‘రాత్రి’ సినిమా చూసి వచ్చి వారం రోజులు లైటు వేసుకుని పడుకున్నాను, ఆ తర్వాత కూడా పిల్లి ఎదురైతే రోడ్డు దాటేదాన్ని. కాబట్టి మీ భయాన్ని వెక్కిరించే అర్హత నాకు లేదు.

కానీ ఒకటి అడుగుతాను. మిమ్మల్ని భయపెట్టింది సూదులా, కారప్పూసా? 1986లో అమెరికాలో డాల్ఫ్ జిల్‌మన్ అనే పరిశోధకుడి బృందం కాలేజీ కుర్రాళ్లకు ఇలాంటి సినిమా చూపించింది. పక్కన కూర్చున్న అమ్మాయి బెదిరిపోతే కుర్రాళ్లకు సినిమా ఎక్కువ నచ్చింది. ఆ అమ్మాయి నిబ్బరంగా ఉంటే అంత నచ్చలేదు. మీ ఆవిడ ‘అమ్మో’ అని మీ చెయ్యి పట్టుకుని ఉంటే మీరు నాకు రాసేవారా?

ఇలాంటివి ఎందుకు చూస్తారంటే అందరికీ ఒకే కారణం ఉండదు. గుండె దడదడలాడి, సినిమా అయిపోయి, ‘హమ్మయ్య’ అనుకునే ఆ క్షణం కోసం చూసేవాళ్లున్నారు. మనుషుల్లోని చీకటి ఎంత లోతో తెలుసుకోవాలని చూసేవాళ్లున్నారు. ఇది పరాయి దేశపు జబ్బని అనుకోకండి. భరతముని చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం ఉంది, బీభత్సం ఉంది. బీభత్సానికి మూలం జుగుప్స, అంటే ఏవగింపు. దాన్ని కూడా చూసి ఆస్వాదిస్తారని మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. హిరణ్యకశిపుడి పొట్ట చీల్చి పేగులు మెడలో వేసుకున్న స్వామి కథ ఐదేళ్ల పిల్లలకు చెబుతాం. ఆ చెప్పిన అమ్మమ్మలెవరినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినట్టు నేను వినలేదు. ఈ ముక్క మీ అమ్మగారికీ చెప్పండి, దీపం మాట వెనక్కి తీసుకుంటారు.

కోవిడ్ మొదటి నెలల్లో కొందరు పరిశోధకులు 300 పైచిలుకు మందిని ప్రశ్నించారు. హారర్ అభిమానులు మిగతావాళ్లకంటే తక్కువ కలత పడినట్టు తేలిందని 2021లో ప్రచురించారు. అలాగని హారర్‌ను మందులా రాసిచ్చేంత నమ్మకం నాకు లేదు. నిబ్బరం ఉన్నవాళ్లే అవి చూస్తారేమో, అదీ కావచ్చు. మీ ఇంటి విషయంలో మాత్రం నాకు తోచింది చెబుతాను. పొద్దున్నే లేచి డైపర్ మార్చి, కట్టు విప్పి, పుండు కడిగి, మందు పెట్టి, మళ్లీ కట్టు కట్టి, చెయ్యి కడుక్కుని పిల్లలకు క్యారేజీ సర్దే మనిషికి ఫోన్లో ఎర్రరంగు ఒక లెక్కా? 1960లో హిచ్‌కాక్ ‘సైకో’లో స్నానాలగదిలో నెత్తురని పారింది చాక్లెట్ సిరప్. మీ అమ్మగారి మడమ దగ్గర కారేది సిరప్ కాదు. సినిమాలో నెత్తురు నచ్చకపోతే ఆపేయొచ్చు, రెండు గంటల్లో అదే అయిపోతుంది, మర్నాడు పొద్దున మళ్లీ కడగక్కర్లేదు. ఆవిడ రోజంతటిలో ఎవరూ ‘ఏమేవ్’ అని పిలవని రెండు గంటలు అవే కావచ్చు. ఆ టైంలో ఆవిడ భక్తి పాటలు విన్నా, వంటల వీడియోలు చూసినా మీరు పట్టించుకునేవారు కాదు. పట్టించుకోకపోవడమే ఇక్కడి జబ్బు.

ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడతాను. మంచంలో ఉన్నావిడ మీ తల్లి. ఆవిడ కన్నది మిమ్మల్నీ, బెంగళూరులో ఉండి సలహాలిచ్చే మీ అక్కగారినీ. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో ‘పిల్లలు’ అంటే ఎవరో రాశారు: కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి మాట ఆ జాబితాలో లేదు. చట్టం చూపించి సంసారాలు చక్కదిద్దలేం, నాకు తెలుసు. కానీ మన ఇళ్లలో కొడుకు రుణాన్ని కోడలి చేత తీర్పించి, ‘మా అబ్బాయి అమ్మను ఎంత బాగా చూసుకుంటున్నాడో’ అని ఊరంతా చెప్పుకునే అలవాటు ఉంది. అది నాకు మొదటినుంచీ మింగుడుపడదు. మీ ఆవిడ చేస్తున్నది తప్పనలేదు, మహత్తరమైన పని చేస్తోంది. ఆ పని చేయించుకుంటూ ఆవిడ దీపం పెట్టొచ్చా లేదా అని చర్చించుకుంటున్నారే, నాకు అందులో కనబడుతోంది భరతముని చెప్పిన బీభత్సం.

‘నాకు కళ్లు తిరుగుతాయి’ అన్నారు. నమ్ముతాను. అది నటన అనడం లేదు. మిగతా భయాల్లో గుండె వేగం, బీపీ పెరుగుతాయి. రక్తం చూస్తే వచ్చే భయంలో మొదట పెరిగి, తర్వాత చటుక్కున పడిపోతాయి. మెదడుకు రక్తం సరిగా అందక మనిషి తూలిపోతాడు. దీనికి 1980లలోనే స్వీడన్ సైకాలజిస్టు లార్స్ గొరాన్ ఓస్ట్ ఒక పద్ధతి చెప్పాడు. కుర్చీలో కూర్చుని చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు గట్టిగా బిగించండి. ముఖం వేడెక్కినట్టు అనిపించేదాకా 10–15 సెకన్లు. తర్వాత మామూలుగా వదిలేసి 20–30 సెకన్లు ఆగండి. ఇలా ఐదుసార్లు. రోజుకు కొన్నిసార్లు చొప్పున ఒక వారం సాధన చేసి, తర్వాత గుమ్మం దగ్గర నిలబడి చూడండి, ఆపైన మంచం దగ్గరికి. పడిపోతామన్న భయం ఉంటే పక్కన కుర్చీ వేసుకోండి. మీకు బీపీ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్నడగండి. ఒక్కరే చేసుకోలేకపోతే సైకాలజిస్టు దగ్గరుండి చేయిస్తారు. మీ అక్కగారు చెప్పిన అపాయింట్‌మెంట్ వృథా పోదు, మీ పేరు మీద తీసుకోండి.

కట్టు ఎలా మార్చాలో ఒక నర్సును ఇంటికి పిలిపించి ఇద్దరూ నేర్చుకోండి. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక పుండు పడుతుంది కాబట్టి ఎంత మందు రాసినా అమ్మగారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే లాభం లేదు. ఎయిర్ బెడ్ లేకపోతే కొనండి, అది ఉన్నా తిప్పడం మానకూడదు. పుండు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆరోజే డాక్టరుకు చూపించాలి. తిప్పడానికి రక్తంతో పనిలేదు, కాబట్టి అది ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. కొడుకు చేత స్నానం చేయించుకోవడానికి అమ్మగారు సిగ్గుపడతారంటారా, న్యాయమే. దానికి ఒక ఆయాను పెట్టండి, డబ్బు మీరూ అక్కగారూ పంచుకోండి. పిల్లల వేసవి సెలవుల్లో అక్కగారు వచ్చి పదిహేను రోజులు ఉండాలి. చుట్టంలా కాదు, కూతురిలా.

అమ్మగారితో దీపం మాట మీరొక్కరే మాట్లాడండి, భార్య ఎదుట వద్దు. పెద్దావిడ కదల్లేక, భయపడి అన్నమాట అది. తన పుళ్లు కడిగే కోడలు రాత్రిపూట ఏదో చూస్తోందని విని ఏమూహించుకున్నారో. మీరు పక్కన కూర్చుని అన్నం తినిపిస్తే సగం భయం పోతుంది. మూడేళ్లుగా ఆవిడకు గుమ్మంలో నిలబడి ‘ఎలా ఉందమ్మా’ అనే కొడుకే కనిపించాడు.

మీ ఆవిడ విషయంలో ఒక్క జాగ్రత్త. సినిమా లేకపోయినా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఊరికే ఏడవడం, ‘ఈ బతుకెందుకు’ లాంటి మాటలు రావడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. దాన్ని సినిమా మీదికి తోసేయకండి.

ఈ శనివారం రాత్రి కట్టు మార్చడం అయ్యాక కారప్పూస డబ్బా మీరే తీసుకెళ్లి పక్కన కూర్చోండి. ‘ఆడిషన్’ మొదటి గంట పెట్టమనండి. చివరిది మీ వల్ల కాదు, నా వల్లా కాలేదు, లేచి వచ్చేయండి. ఆవిడ ‘మీరెందుకులెండి, పడుకోండి’ అంటే నొచ్చుకోకుండా పడుకోండి. పొద్దున ఆరింటికి అలారం పెట్టుకోండి, అమ్మగారిని పక్కకు తిప్పే వంతు మీది.