గుడ్డి, అంధ, చీకటి: ఏది ఎక్కడ వాడాలి?

ఈ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. 'గుడ్డి', 'అంధ' అనే మాటలను ఒకదాని బదులు ఒకటి వాడొచ్చా అన్నది ఒకటి, మనుషుల గురించి రాసేటప్పుడు ఏది సరైనది అన్నది రెండోది. మనిషికి సంబంధించింది కాబట్టి రెండోదే ముందు చెబుతాను.

రాతలో 'అంధులు' అనండి, లేదా 'చూపు లేనివారు' అనండి. 'గుడ్డివాడు' నిఘంటువు ప్రకారం తప్పు మాటేమీ కాదు. కానీ తిట్టుగా వాడీ వాడీ అది మనసు నొప్పించే మాటగా మారింది. 'కబోది'లో జాలి తప్ప మరేమీ మిగల్లేదు, దాన్ని వదిలేయడమే మేలు.

అలాగని చూపు తగ్గిన వారందరూ అంధులు కారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, రెండు కళ్లలో మెరుగైన దాని చూపు 3/60 కన్నా తక్కువైతే అంధత్వం. మామూలు కన్ను 60 మీటర్ల నుంచి గుర్తుపట్టే అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరికి వచ్చినా పోల్చుకోలేకపోవడం అన్నమాట. ఈ గీత కింద ఉన్నవారిలోనూ చాలామందికి వెలుతురు, నీడ, కదలిక ఎంతో కొంత తెలుస్తాయి. అందుకే అంధుడు అనగానే 'లోకమంతా చీకటి' అని రాసేయకండి, చాలామంది విషయంలో అది నిజం కాదు.

రేచీకటి వేరే సంగతి. పగలు బాగానే కనిపించి, మసక వెలుతురులో చూపు ఆనకపోవడం అది. మసకలో చూసే పని నేత్రపటలంలోని (కంటి లోపలి వెనక పొరలోని) దండకణాలది. విటమిన్ ఎ చాలకపోతే వాటిలో వెలుతురును పట్టే రొడాప్సిన్ అనే పదార్థం సరిగా తయారవదు. వర్ణాంధత్వంలోనూ అంతే, ఎక్కువమందికి రంగులన్నీ పోవు, ఎరుపు ఆకుపచ్చల తేడా పట్టుబడదు. ఈ రెండింటినీ ఉత్త 'అంధత్వం' అని రాస్తే పాఠకుడు పొరబడతాడు.

ఇక అలంకారంగా వాడే చోట్లు. 'గుడ్డిదీపం' అంటే వెలుగు చాలని దీపం. 'గుడ్డిగవ్వ' అంటే చిల్లిగవ్వలాగే విలువలేనిది. వీటిలో 'అంధ' పెట్టలేం. 'అంధదీపం' అని తెలుగులో ఎవరూ అనరు. 'గుడ్డినమ్మకం'లో లోపించింది విచారణ. దాని జోడు 'అంధవిశ్వాసం'. 'గుడ్డి' ఏ మాటతోనైనా కలిసిపోతుంది (గుడ్డిప్రేమ, గుడ్డినమ్మకం). 'అంధ' మాత్రం సంస్కృత పదంతోనే పొసగుతుంది. 'అంధనమ్మకం' చెవికి ఎబ్బెట్టు.

విచారణ లేకపోవడానికీ చూపు లేకపోవడానికీ సంబంధం లేదు. అంధులు మనకన్నా ఆచితూచి అడుగు వేస్తారు. కాబట్టి వీలైన చోటల్లా జరిగిందేమిటో సూటిగా చెప్పండి. 'గుడ్డిగా సంతకం పెట్టాడు' కన్నా 'చదవకుండా సంతకం పెట్టాడు' స్పష్టంగా ఉంటుంది, ఎవరినీ నొప్పించదు.

'మదాంధుడు', 'కామాంధుడు' నడక వేరు. మదంచేత అంధుడు, కామంచేత అంధుడు. కారణం ముందొస్తుంది. ఇక్కడ లోపించిందేమీ లేదు, ఏదో ఎక్కువై చూపును కప్పేసింది. తెలుగులో 'కళ్లు మూసుకుపోయాయి', 'కళ్లు నెత్తికెక్కాయి' అనేది దీన్నే. ఈ పోలికతోనే 'జాత్యంధుడు' అంటే జాతిగర్వంతో కళ్లు మూసుకుపోయినవాడని వాడుతుంటారు. సంస్కృతంలో ఆ మాటకు అర్థం పుట్టుకతోనే చూపు లేనివాడు అని. జాతి అంటే అక్కడ పుట్టుక. మీరు చెప్పదలచింది గర్వం గురించైతే 'జాత్యహంకారి' అని రాయండి.

చివరిగా, వైద్య పరిశోధనల్లో వచ్చే 'డబుల్ బ్లైండ్' అనే మాట. ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారో రోగికీ, ఫలితం కొలిచేవారికీ తెలియనివ్వరు. తెలిస్తే ఆశలు, అంచనాలు ఫలితంలోకి చొరబడతాయి. అక్కడ తెలియకపోవడం కావాలని పెట్టుకున్న కట్టుబాటు. 'గుడ్డి పరీక్ష' అని అనువదిస్తే ఇష్టమొచ్చినట్టు చేసిన పరీక్ష అన్న అర్థం వస్తుంది. 'ఇరుపక్షాలకూ వివరం తెలియనివ్వని పరీక్ష' అని విప్పి రాయండి, మాట పొడవైనా ఫరవాలేదు.