అన్ని యూనివర్సిటీలూ కాదన్నాయి, మళ్లీ అప్లై చేయనా?

ప్రశ్న: నా వయసు 31. సోషియాలజీలో ఎంఏ చేసి, వలస కార్మికుల కోసం పనిచేసే ఒక సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. విదేశాల్లో ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) పీహెచ్‌డీ చేయాలని నా కోరిక. వేరే దేశాలకు వెళ్లిన నర్సుల మీద, వాళ్లు వదిలి వెళ్లిన కుటుంబాల మీద పరిశోధన చేయాలనుకుంటున్నాను. కిందటేడు అమెరికాలో ఎనిమిది యూనివర్సిటీలకు అప్లై చేస్తే ఒక్కచోటా రాలేదు. ఇంట్లో మాత్రం ఒకచోట సీటొచ్చిందనీ, డబ్బివ్వమన్నారు కాబట్టి వదిలేశాననీ చెప్పాను. నాన్నగారు ‘ముప్పై దాటాక ఇంకా చదువేమిటి, ఆ సబ్జెక్టుకు ఉద్యోగాలెక్కడున్నాయి’ అంటున్నారు. మావారు వద్దనరు గానీ, ‘నువ్వెళ్తే మరి నా సంగతి?’ అంటే నా దగ్గర జవాబు లేదు. కిందటేడు పంపిన దరఖాస్తు కాగితాలు జతచేస్తున్నాను. ఇంకోసారి ప్రయత్నించనా, మానేయనా?

జవాబు: ఇంకోసారి ప్రయత్నించండి. కిందటేడు పంపిన దరఖాస్తు ఫైలునే తేదీలు మార్చి పంపేటట్టయితే మాత్రం వద్దు.

ఎనిమిది చోట్లా కాదన్నారు కాబట్టి మీకు అర్హత లేదని మీరే తీర్పు చెప్పుకున్నట్టున్నారు. ఒక ఆంత్రోపాలజీ డిపార్ట్‌మెంటు ఏడాదికి తీసుకునేది ఐదారుగురిని, పెద్దదైతే ఓ పదిమందిని. దరఖాస్తులు వందల్లో ఉంటాయి. దానికి తోడు ఈమధ్య నిధుల కోతల వల్ల అమెరికాలో చాలా యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. కొన్ని డిపార్ట్‌మెంట్లు ఓ ఏడాది ఎవరినీ తీసుకోబోమని ప్రకటించాయి కూడా. అందుకని ఈసారి జాబితా వేసేముందు ప్రతి డిపార్ట్‌మెంటు పేజీలో అడ్మిషన్లు ఉన్నాయో లేవో చూసుకోండి. లేనిచోట ఫీజు కట్టడం ఎందుకు?

ముందు ఇంటి సంగతి. మీ నాన్నగారిదీ మీవారిదీ ఒకే అభ్యంతరం అనుకుంటున్నారు మీరు. కాదు. నాన్నగారు అడుగుతున్నది బతుకుతెరువు గురించి, మీవారు అడుగుతున్నది ఆ ఏళ్లన్నీ తానెక్కడుంటానని. ఇద్దరికీ ‘ఇది నా కల’ అనే ఒక్క జవాబే చెబితే ఎవరికీ సరిపోదు.

నాన్నగారి మాటలో సగం నిజముంది, అది ఒప్పుకోండి. ఆంత్రోపాలజీలో పక్కా ప్రొఫెసర్ ఉద్యోగాలు చాలా తక్కువ. పీహెచ్‌డీ చేసిన చాలామంది ప్రజారోగ్యం, మ్యూజియంలు, అభివృద్ధి సంస్థలు, కంపెనీల్లో వినియోగదారుల పరిశోధన లాంటి వాటిలోకి వెళ్తారు. అమెరికాలో చదువు కాలం పేరుకు ఐదారేళ్లే, చాలామందికి ఏడెనిమిది పడుతుంది. ఇక వయసంటారా, దానికిక్కడ అభ్యంతరం లేదు. నాలుగేళ్లు జనం మధ్య పనిచేసి వచ్చినవాళ్లను ఈ సబ్జెక్టు వాళ్లు ఇష్టంగానే చూస్తారు. నాన్నగారికి మీరు చెప్పగలిగింది ఒకటుంది: ట్యూషన్ ఫీజు మాఫీ, బతకడానికి స్టైపెండ్, ఆరోగ్య బీమా మూడూ ఇచ్చే చోటికే వెళ్తాను, అప్పు చేసి వెళ్లను, ఈసారి రాకపోతే మూడోసారి అడగను. హద్దు కనబడితే పెద్దవాళ్ల భయం చాలావరకు తగ్గుతుంది.

అయితే ఈ మాటలు చెప్పేముందు, కిందటేడు సీటొచ్చిందని చెప్పిన అబద్ధాన్ని సరిదిద్దుకోండి. డబ్బు లేక వదిలేశారనుకుంటున్న తండ్రి, ఈసారి తాను అప్పు తెస్తాననో, పొలమో స్థలమో అమ్ముతాననో అనవచ్చు. ‘ఎక్కడా రాలేదు నాన్నా, చెప్పడానికి సిగ్గేసింది’ అనండి చాలు, వివరణలు అక్కర్లేదు. మీవారికి కూడా ఆ అబద్ధమే చెప్పి ఉంటే ఆయనకు ముందు చెప్పండి. ఏడేళ్ల ఏర్పాటు గురించి మాట్లాడబోయేది ఆయనతోనే కదా.

మీవారి ప్రశ్నకు జవాబు మీరు ఎంచుకునే దేశంలో ఉంది. అమెరికాలో మీది ఎఫ్-1 అనే విద్యార్థి వీసా అయితే, ఆయనది విద్యార్థి కుటుంబానికిచ్చే ఎఫ్-2. దాని మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. బ్రిటన్‌లో ఎంఏ విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకునే వీలు 2024 జనవరి నుంచి తీసేశారు గానీ, పీహెచ్‌డీ వాళ్లకు ఉంచారు, భాగస్వామి పని కూడా చేసుకోవచ్చు. కెనడాలో డాక్టరల్ విద్యార్థి భాగస్వామికి వర్క్ పర్మిట్ దొరుకుతుంది. కిందటేడు మీరు అప్లై చేసిన ఎనిమిదీ అమెరికావే. అంటే ఆయన ప్రశ్నకు జవాబు లేని దేశాన్నే ఎంచుకున్నారన్నమాట. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి, అప్లై చేసే నెలలో ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లు మళ్లీ చూడండి, ఏజెంటు మాట నమ్మొద్దు.

ఇంకొక సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. మలినోవ్‌స్కీ అనే ఆంత్రోపాలజిస్టు పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో గడిపిన కాలం నుంచి ఈ చదువులో దీర్ఘకాలపు ఫీల్డ్‌వర్క్, అంటే జనం మధ్యే ఉండి చేసే పరిశోధన, ఆనవాయితీ అయింది. సాధారణంగా 12 నుంచి 18 నెలలు. అమెరికాలో మొదటి రెండు మూడేళ్లు క్లాసులు, పరీక్షలు, తర్వాత ఫీల్డ్‌వర్క్, ఆ పైన రాత. మీ పరిశోధన నర్సులు వదిలి వెళ్లిన కుటుంబాల మీద కూడా కాబట్టి అందులో పెద్ద భాగం స్వదేశంలోనే సాగుతుంది. అంటే ఏడేళ్ల ఎడబాటు ఒకే ముక్కగా ఉండదు. ఏ ఏడాది ఎవరు ఎక్కడ ఉంటారో కాగితం మీద గీసి ఆయన ముందు పెట్టండి. ఒక జాగ్రత్త: ఫీల్డ్‌వర్క్ కోసం బయట ఉన్న నెలల్లోనూ పూర్తికాలపు విద్యార్థిగా నమోదై ఉండాలి, లేకపోతే వీసా హోదాకే ముప్పు. వెళ్లేముందు యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసుతో మాట్లాడాలి.

ఇక ఫైలు. మీరు జతచేసిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఏం పరిశోధిస్తారో, ఎందుకో చెప్పే వ్యాసం) చదివితే ఎక్కడ దెబ్బతిందో తెలుస్తోంది. మొదటి పేజీ అంతా మీ బాల్యం, చదువు, సంస్థలో చేరడం. పరిశోధన రెండో పేజీ సగంలో గానీ మొదలవలేదు. అప్పుడైనా ‘వలస నర్సుల జీవితాలను అధ్యయనం చేయాలనుకుంటున్నాను’ అని రాశారు. అది అంశమే గానీ ప్రశ్న కాదు. పరాయి దేశంలో ఎవరి తల్లిదండ్రులనో చూసుకునే నర్సు, తన తల్లిదండ్రుల బాగోగులు ఎవరి చేత చేయిస్తుంది, అందుకు డబ్బిస్తే దాన్ని జీతమంటారా, సాయమంటారా, ఆ తేడా మీద ఇంట్లో గొడవలెలా వస్తాయి? ఇది ప్రశ్న. దీన్ని మొదటి పేరాలోనే పెట్టండి. దీనికి బంధుత్వం, సంరక్షణ, వలస మీద ఇదివరకే వచ్చిన పని ఏం చెబుతోంది, ఏం వదిలేసింది అన్నది తర్వాత. ఎక్కడ, ఎవరి మధ్య, ఏ భాషలో, ఏ పద్ధతిలో పనిచేస్తారు అన్నది ఆ తర్వాత. మీ జీవితం నుంచి ఈ పరిశోధనకు పనికొచ్చే నాలుగు వాక్యాలు చాలు. మొత్తం సుమారు 1000 పదాలు, రెండు పేజీలు. సొంత నేపథ్యం రాయడానికి చాలా యూనివర్సిటీలు వేరే పర్సనల్ స్టేట్‌మెంట్ అడుగుతాయి, బాల్యం అక్కడికి వెళ్లాలి.

స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది మీ రాతలోనూ ఉంది. ‘వాళ్ల సమస్యలకు పరిష్కారం చూపాలి’ అని నాలుగు చోట్ల రాశారు. ఉద్దేశం మంచిదే. అడ్మిషన్ కమిటీలో కూర్చున్నవాళ్లకు మాత్రం ఈమెకు కావలసింది సోషల్ వర్కో, పబ్లిక్ పాలసీయో అనిపిస్తుంది. మీ ఉద్యోగం ఇచ్చిన అసలు బలం వేరు. ఆ కుటుంబాలు మీకు తెలుసు, తలుపు తీస్తారు, మీ ముందు మాట్లాడతారు. సర్వేల్లో దొరకని విషయం ఏదో మీ కంటపడి ఉంటుంది. అది రాయండి.

డిపార్ట్‌మెంట్లను ర్యాంకు చూసి ఎంచుకున్నట్టున్నారు. అమెరికన్ ఆంత్రోపాలజీకి పునాది వేసిన ఫ్రాంజ్ బోయాస్ కాలం నుంచి అమెరికాలో చాలాచోట్ల ఒకే డిపార్ట్‌మెంటులో నాలుగు శాఖలుంటాయి: సాంస్కృతిక, పురావస్తు, జీవ, భాషా ఆంత్రోపాలజీ. పాతికమంది ప్రొఫెసర్లున్నారని చూసి అప్లై చేస్తే, అందులో సగం తవ్వకాల వాళ్లూ ఎముకల వాళ్లూ కావచ్చు. మీ ప్రశ్నకు దగ్గరగా పనిచేసేవాళ్లు కనీసం ఇద్దరు ముగ్గురు లేనిచోటికి పంపకండి, ఎంత పేరున్నా సరే. వాళ్లలో రిటైరైనవాళ్లు, సెలవులో ఉన్నవాళ్లు, వేరే డిపార్ట్‌మెంటు నుంచి పేరు మాత్రమే ఉన్నవాళ్లు ఎవరో చూసి తీసేయండి. మీరు పేర్కొన్న వారిలో ఒకరి పేరు పక్కన ఎమెరిటస్ (రిటైరైన ప్రొఫెసర్) అని వాళ్ల పేజీలోనే ఉంది. అలాంటి ఒక్క పేరు చాలు, మీరు పైపైన చూశారని తెలిసిపోవడానికి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆ ప్రొఫెసర్లకు ఉత్తరం రాయండి. 150 నుంచి 200 పదాలు: మీ ప్రశ్న, వాళ్ల పనిలో మీకు పనికొచ్చిన ఒక వ్యాసం, వచ్చే ఏడాదికి విద్యార్థుల్ని తీసుకుంటున్నారా అన్న విచారణ. అంతకుమించి వద్దు. అమెరికాలో నిర్ణయం కమిటీది, ప్రొఫెసర్ ఆప్యాయంగా జవాబిచ్చారని సీటొచ్చినట్టు కాదు, జవాబు రాలేదని పోయినట్టూ కాదు. బ్రిటన్‌లో లెక్క వేరు. అక్కడ గైడు ఒప్పుకోవడం చాలా ముఖ్యం. పూర్తి పరిశోధనా ప్రతిపాదన ముందే ఇవ్వాలి, చదువు మూడు నాలుగేళ్లు, క్లాసులు తక్కువ. విదేశీయులకు ఫీజు మాత్రం బరువు, పూర్తి స్కాలర్‌షిప్ లేకుండా వెళ్లే ఆలోచన చేయొద్దు. ఆక్స్‌ఫర్డ్‌లో క్లారెండన్ స్కాలర్‌షిప్‌కు వేరే దరఖాస్తు ఉండదు, అడ్మిషన్ దరఖాస్తు డిసెంబరు-జనవరి గడువులోపు వేస్తే చాలు. కేంబ్రిడ్జ్‌లో గేట్స్ కేంబ్రిడ్జ్ స్కాలర్‌షిప్‌కు అక్కడి అడ్మిషన్ ఫారంలోనే అదనపు భాగం నింపాలి. జర్మనీ, నెదర్లాండ్స్, నార్డిక్ దేశాల్లో పీహెచ్‌డీ స్థానాలు చాలావరకు జీతమిచ్చే ఉద్యోగాలుగా ప్రకటిస్తారు, ఏడాది పొడవునా చూస్తుండాలి.

రైటింగ్ శాంపుల్‌గా, అంటే మీ రాతకు నమూనాగా, సంస్థ నివేదిక పంపారు. అది నలుగురు కలిసి రాసింది, అందులో మీ ఆలోచన ఏదో తెలియదు. ఎంఏ డిసర్టేషన్ నుంచి ఒక అధ్యాయం తీసి, మీరు స్వయంగా చూసిన, విన్న సమాచారం మీద వాదన నిలబడేలా తిరగరాయండి. సాధారణంగా 15 నుంచి 25 పేజీలు అడుగుతారు. దీనికి రెండు నెలలు పడుతుంది, మిగతా అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సింది ఇదే.

సిఫారసు ఉత్తరాలు మూడు. కనీసం రెండు మీకు పాఠం చెప్పినవాళ్లవి కావాలి, మూడోది మీ సంస్థలో పైవారు రాసినదైనా ఫర్వాలేదు. ‘క్రమశిక్షణ గల విద్యార్థిని’ అన్న ఉత్తరం ఉన్నా లేనట్టే. మీ డిసర్టేషన్‌లో ఫలానా వాదన ఎందుకు బాగుందో వాళ్లు రాయగలగాలి. అందుకని గడువుకు ఆరు వారాల ముందే మీ స్టేట్‌మెంటు, శాంపుల్, గడువుల పట్టిక వాళ్లకు అందించండి. ఉత్తరాలు సొంత మెయిల్ నుంచి కాక యూనివర్సిటీ ఈమెయిల్ నుంచి వెళ్లడం మంచిది. ఉత్తరం చూసే హక్కు వదులుకుంటారా అని ఫారంలో అడిగితే వదులుకుంటానని పెట్టండి, లేకపోతే ఆ ఉత్తరానికి విలువ తగ్గుతుంది. కిందటేడు రాసినవాళ్లు పాతదే పంపకుండా తిరగరాయమని అడగడానికి మొహమాటపడకండి.

మిగతావి చిన్న పనులు. జీఆర్ఈ చాలా ఆంత్రోపాలజీ డిపార్ట్‌మెంట్లు అడగడం మానేశాయి. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లకు రెండేళ్లే గడువు, మీది దాటిపోయిందేమో చూడండి. మార్కుల్ని మీరే జీపీఏలోకి మార్చకండి, అడిగితే తప్ప. దరఖాస్తు ఫీజు ఒక్కోచోట 75 నుంచి 125 డాలర్ల దాకా ఉంటుంది, ఎనిమిదికి లెక్కేస్తే పెద్ద మొత్తమే. మినహాయింపు అడగొచ్చు గానీ కొన్నిచోట్ల విదేశీయులకు ఇవ్వరు, ఇచ్చేచోట కూడా దాని గడువు ముందే ముగుస్తుంది. అమెరికాలో గడువులు ఎక్కువగా డిసెంబరు 1 నుంచి 15 మధ్య.

ఫలితాలు ఫిబ్రవరి, మార్చిల్లో వస్తాయి. డబ్బుతో కూడిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోపు జవాబిమ్మని ఒత్తిడి చేయకూడదని చాలా అమెరికన్ యూనివర్సిటీల మధ్య ఒప్పందముంది. తొందరపెడితే ఆ సంగతి మర్యాదగా గుర్తుచేయండి. ఆఫర్ లెటర్‌లో స్టైపెండ్ మొత్తం కంటే ముందు చూడాల్సింది అది తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా అన్నది. ఎన్నేళ్లకు హామీ, ఫీల్డ్‌వర్క్ ఏడాదికి కూడా వర్తిస్తుందా, మీవారిని బీమాలో చేర్చడానికి ఎంత అవుతుంది అన్నవి తర్వాత. ఫీల్డ్‌వర్క్‌కు, ఆంత్రోపాలజీ పరిశోధనలకు నిధులిచ్చే వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ గ్రాంటు ఏ దేశస్థులైనా అడగొచ్చు. ఫుల్‌బ్రైట్-హేస్, ఎన్ఎస్ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ లాంటివి అమెరికా పౌరులకూ శాశ్వత నివాసులకే, వాటిని లెక్కలో వేసుకోకండి. వీసా ఫీజు, 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ) ఫీజు, టికెట్టు, అద్దె అడ్వాన్సు, మొదటి స్టైపెండ్ చేతికొచ్చేదాకా నెలన్నర ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఇది ఇప్పటి నుంచే మీ జీతంలోంచి పక్కన పెడితే నాన్నగారిని అడిగే అవసరం రాదు.

ఆఫరొస్తే, సంతకం చేసేముందు అక్కడ చదువుతున్న విదేశీ విద్యార్థులు ఇద్దరితో విడివిడిగా మాట్లాడండి. వేసవి మూడు నెలలూ డబ్బెలా వస్తోంది, మీరనుకుంటున్న గైడు దగ్గర మధ్యలో మానేసినవాళ్లున్నారా, ఉంటే ఎందుకు, ఆరో ఏడాదిలో ఉన్నవాళ్లు దేనిమీద బతుకుతున్నారు? డిపార్ట్‌మెంటు కాగితంలో ఉండని లెక్కలు వాళ్ల దగ్గరే దొరుకుతాయి. ఆ ఫోన్లప్పుడు మీవారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, ఆయన అడగాల్సినవి ఆయన అడుగుతారు.